విభూతితో తోమిన రాణులు: ఒక రోమన్ వెండి నాణేల కేస్ స్టడీ

నేను ఇంగ్లండ్‌లో ఉంటాను. పాత నాణేలను గుర్తించి, తూచి, వివరాలు రాసిపెట్టడం నా పని. ఎక్కువగా రోమన్ వెండి. నా దగ్గరికి తెలుగువాళ్లు రావడం తక్కువ. వచ్చినవాళ్లు మాత్రం దాదాపు అందరూ ఒకే ప్రశ్న అడుగుతారు: "ఇది ఒరిజినలేనా?" ఈ కేసు కూడా అలాగే మొదలైంది. ఇందులో నేనూ ఒక తప్పు చేశాను కాబట్టి రాసిపెట్టాలనిపించింది. ఆవిడ అనుమతి తీసుకున్నాను. వృత్తి, కొన్ని చిన్న వివరాలు మార్చాను. ఊరు యార్క్‌కు దగ్గర అన్నది మాత్రం మార్చలేదు. కారణం తర్వాత మీకే తెలుస్తుంది.

నేపథ్యం

ఆవిడను టీచర్‌గారు అందాం. యాభై దాటిన మనిషి, పాతికేళ్లుగా ఇక్కడే ఉంటున్నారు. ఒకసారి మ్యూజియంలో అద్దాల పెట్టెలో జూలియా డోమ్నా నాణెం చూశారట. "అచ్చం మా మేనత్త ముక్కు" అన్నారు నాతో. సరదా అక్కడ పుట్టింది.

డోమ్నా గురించి రెండు ముక్కలు. సిరియాలోని ఎమెసా ఆవిడ పుట్టిన ఊరు, ఇప్పటి హోమ్స్. ఆఫ్రికా నుంచి వచ్చిన సెప్టిమియస్ సెవెరస్‌ను పెళ్లాడింది. ఆయన క్రీ.శ. 193లో చక్రవర్తి అయ్యాడు. 208లో బ్రిటన్ మీద దండయాత్రకు వస్తే ఆవిడా వెంట వచ్చింది. 211 ఫిబ్రవరిలో ఆయన యార్క్‌లోనే చనిపోయాడు.

ఈ నాణేన్ని డినారియస్ అంటారు. మన రూపాయి బిళ్ల కన్నా చిన్నది, బరువు సుమారు మూడు గ్రాములు. చక్రవర్తులతో పాటు వాళ్ల భార్యలు, తల్లులు, అమ్మమ్మలు, కూతుళ్ల బొమ్మలతో కూడా కొట్టేవారు. టీచర్‌గారు ఇరవై మంది స్త్రీల పేర్లతో ఒక జాబితా రాసుకుని, దొరికినప్పుడల్లా ఆన్‌లైన్‌లో కొంటూ, దొరికిన పేరు పక్కన టిక్కు పెట్టుకుంటూ వచ్చారు. మూడేళ్లలో పద్నాలుగు టిక్కులు పడ్డాయి.

వచ్చిన సమస్య

సెవెరస్ పెద్దకొడుకు కారకల్లా భార్య ప్లాటిల్లా నాణెం ఒకటి ఇచ్చేసి ఇంకా మంచిది కొనాలని ఆవిడ ఒక వేలం సంస్థకు పంపారు. "మేము తీసుకోలేం" అని ఒక్క వాక్యంతో వెనక్కి వచ్చింది. కారణం చెప్పలేదు. దాంతో టెన్షన్ పట్టుకుంది. ఒకటి తేడా అయితే మిగతా పదమూడు సంగతి ఏమిటి?

నేను ముందు ఫొటోలు అడిగాను. తర్వాత పెట్టె చేతికి వచ్చింది. మూత తీసి చూస్తే కొత్త స్పూన్లలా మెరుస్తున్నాయి. పద్దెనిమిది వందల ఏళ్లు దాటిన వెండి అలా మెరవదు. సంగతేమిటంటే, ఆగస్టులో వాళ్ల అత్తగారు ఊరినుంచి వచ్చారు. వరలక్ష్మీ వ్రతం నాడు ఈ నాణేలు కనబడ్డాయి. అన్నిటి మీదా ఆడమనిషి బొమ్మే. లక్ష్మీదేవి కాసుల్లాంటివే అనుకుని, నల్లబడ్డాయని విభూతితో తోమి, పాలతో కడిగి, పసుపు కుంకుమ పెట్టి పూజలో ఉంచారు. "వెండి సామాను అలాగే కదా బాబూ తోముకుంటాం" అన్నారు ఫోన్‌లో, కాస్త నొచ్చుకుంటూ. ఆవిడ తప్పేం లేదు. ఎవరూ చెప్పకపోతే నా ఇంట్లో మా అమ్మా అదే చేసేది.

నష్టం మాత్రం నిజమే. సెవెరస్ హయాంలో డినారియస్‌లో వెండి దాదాపు సగానికి పడిపోయింది, మిగతాది రాగి. టంకశాలలో బిళ్లలు తయారు చేసేటప్పుడే పైపొరలో రాగి తగ్గి వెండి ఎక్కువగా నిలిచేది. మట్టిలో ఉన్న శతాబ్దాల్లో పైన ఉన్న రాగి ఇంకొంత కరిగిపోతుంది. అందుకే పైకి మంచి వెండిలా కనబడుతుంది, లోపల రాగి కలిసిన లోహం ఉంటుంది. బూడిదతో గట్టిగా రుద్దితే ఆ పైపొర అరిగిపోతుంది. బొమ్మలో ఎత్తుగా ఉండే చెంప, కొప్పు ముందుగా ఎర్రబడతాయి.

వాళ్లు చేసిన పరీక్షలు

నా దగ్గరికి రాకముందే టీచర్‌గారి భర్త రెండు పరీక్షలు చేశారు. ఇంజినీరు, పద్ధతి తెలిసిన మనిషి. ఆ రెండూ ఎందుకు పనికిరాలేదో చెప్పడం ముఖ్యం, ఎందుకంటే నెట్‌లో అందరూ ఇచ్చే సలహాలు ఇవే.

మొదటిది సాంద్రత. నాణేన్ని దారంతో కట్టి, నీళ్ల గ్లాసులో వేలాడదీసి తూచడం. స్వచ్ఛమైన వెండి సాంద్రత 10.49, రాగిది 8.96. సగం సగం కలిస్తే సుమారు 9.7 రావాలి. ప్లాటిల్లా బరువు 3.10 గ్రాములు, నీటిలో తగ్గిన బరువు 0.32. భాగిస్తే 9.69. "సరిగ్గా వచ్చింది కదండీ" అన్నారాయన. లెక్క తప్పులేదు. త్రాసు చూపించేది మాత్రం 0.01 గ్రాము వరకే. ఆ 0.32 అసలు 0.31 అయితే జవాబు 10, 0.33 అయితే 9.39. అంటే వెండి 31 శాతం ఉండొచ్చు, 71 శాతమైనా ఉండొచ్చు. మూడు గ్రాముల బిళ్లకు ఈ త్రాసుతో ఈ పరీక్ష చేసి లాభం లేదు.

రెండోది, ఇక్కడే మనవాళ్ల బంగారం షాపులో క్యారెట్ మీటర్ (లోహంలో బంగారం, వెండి ఎంత శాతమో చూపే యంత్రం) కింద పెట్టించారు. మిగతా సెవెరన్ నాణేలు, అంటే సెవెరస్ వంశం కాలపువి, 60 నుంచి 75 శాతం వెండి చూపించాయి, ప్లాటిల్లా 92 చూపించింది. "అన్నిటికన్నా స్వచ్ఛమైనది ఇదే, మరి దీన్నే ఎందుకు కాదన్నారు?" అని అడిగారు. నాకు అనుమానం మొదలైంది అక్కడే. ఆ మీటరు పైపొరను మాత్రమే చదువుతుంది. తోమకముందు ఏ సెవెరన్ డినారియస్ అయినా ఎక్కువే చూపించవచ్చు. అన్నిటినీ ఒకే చేత్తో, ఒకే విభూతితో తోమాక మిగతావన్నీ కిందికి దిగి ఇదొక్కటే 92 దగ్గర నిలబడిందంటే, లోపలా అదే లోహం ఉందన్నమాట. ఇప్పటి నగల వెండి 92.5 శాతం. అయినా ఇది రుజువు కాదు, అనుమానమే. కానీ అత్తగారి విభూతి నాకు చేసిన ఒకే ఒక్క సాయం ఇది.

నేను చేసిన తప్పు

పెట్టె చేతికి రాకముందు ఫొటోల్లో జూలియా మమాయా (సెవెరస్ అలెగ్జాండర్ చక్రవర్తి తల్లి) నాణెం చూశాను. చెంప మీద, జుట్టు మీద ఎర్రటి రంగు. రాగి బిళ్లకు వెండి రేకు తొడిగిన పాతకాలపు దొంగ నాణెం అనుకున్నాను. అలాంటివి రోమన్ కాలంలోనే బోలెడు చేశారు. "దీన్ని తిప్పి పంపెయ్యండి" అని మెయిల్ పెట్టేశాను. ఆవిడ అమ్మినతనికి రాసేశారు. అతను బాధపడ్డాడు, బాధపడటం న్యాయమే.

నాణెం చేతికొచ్చాక పదింతలు చూపే భూతద్దం కింద పెట్టాను. రేకు తొడిగినదైతే రేకు చిరిగిన చోట అంచు కనబడుతుంది, ఉల్లిపొర లేచినట్టు చిన్న మెట్టులా. ఇక్కడ అలాంటి మెట్టు ఎక్కడా లేదు. ఎరుపు ఎత్తుగా ఉన్న చోట్ల మాత్రమే ఉంది, అదీ పక్కలకు మెల్లగా కలిసిపోతోంది. నాణెం పక్క అంచు చుట్టూ లోహం ఒకేలా ఉంది. అది తోముడు వల్ల వచ్చిన ఎరుపు, నాణెం అసలుదే. విభూతి సంగతి నాకు అప్పటికి తెలియదు, నిజమే. కానీ "దీన్ని ఎవరైనా తోమారా?" అని అడగాల్సింది నేనే. అతనికి క్షమాపణ రాశాను. అప్పటినుంచి ఫొటో చూసి "బాగానే ఉన్నట్టుంది" వరకే చెప్తున్నాను. కాదు అని చెప్పాలంటే నాణెం చేతిలో ఉండాల్సిందే.

ఒక్కో నాణెం చదవడం

పద్నాలుగింటినీ వరుసగా పెట్టుకున్నాను. నా పద్ధతి: ముందు చుట్టూ ఉన్న అక్షరాలు, తర్వాత కొప్పు, ఆ తర్వాత బొరుసు. అమ్మినవాళ్ల చీటీ చివర్లో చదువుతాను. ముందే చదివితే కన్ను దాని మాటే వింటుంది.

ప్లాటిల్లా. బొరుసు మీద ఆవిడా కారకల్లా చేతులు కలుపుకుని నిలబడి ఉంటారు, చుట్టూ 'ప్రొపాగో ఇంపెరి' అని ఉంటుంది, వంశం కొనసాగాలని కోరిక. (మూడేళ్లలో పెళ్లి పెటాకులై, 205లో ఆవిడను లిపారి ద్వీపానికి తరిమేశారు. తర్వాత చంపించారు.) భూతద్దం కింద అక్షరాల అంచులు సబ్బు అరిగినట్టు గుండ్రంగా ఉన్నాయి, ఖాళీ చోట్ల సూదిమొన లాంటి గుంటలు. అయినా దీన్ని తేల్చింది ఒక చీలిక. రోమన్ టంకశాలలో బిళ్లను రెండు అచ్చుల మధ్య పెట్టి సుత్తితో కొట్టేవారు. దెబ్బకు అంచు ఒక్కోసారి చిట్లుతుంది. ఆ చీలిక నాణెంలో ఒక వైపునుంచి ఇంకో వైపుకు దూసుకుపోతుంది. ఈ నాణెంలో కారకల్లా తల పైన వెంట్రుకలాంటి చీలిక ఉంది, తిప్పి చూస్తే బొమ్మ వైపు ఏమీ లేదు. అది చీలిక కాదు, చీలిక ఆకారంలో ఉన్న గాడి. ఎవరో అసలు నాణేన్ని మూసలో అద్దినప్పుడు దాని చీలిక కూడా అచ్చు పడింది. అంటే ఇది కొట్టిన నాణెం కాదు, మూసలో పోసిన దొంగది.

పాత వేలాల ఫొటోల్లో రెండు సాయంత్రాలు వెతికాను. మూడో సాయంత్రం దొరికింది. అదే అచ్చు, అదే వంకర, అదే చోట అదే పొడవు చీలిక. ఒకే అచ్చుతో కొట్టిన రెండు నాణేల్లో బొమ్మ ఒకటే ఉండొచ్చు, అంచు మాత్రం ఎప్పటికీ ఒకటి కాదు. చేత్తో చేసిన రెండు అప్పడాలకు ఒకే అంచు వస్తుందా? ఈ రెండు ఫొటోలు పక్కపక్కన పెట్టి పంపితే అమ్మినవాళ్లు డబ్బు వెనక్కి ఇచ్చారు. సాంద్రత, మీటరు లెక్కలు పంపి ఉంటే వాదన ఇంకా నడుస్తూనే ఉండేది.

ఫౌస్టినా. తల్లీకూతుళ్లిద్దరి పేరూ ఇదే. తల్లి ఆంటోనినస్ పియస్ చక్రవర్తి భార్య, కూతురు ఆయన తర్వాత చక్రవర్తి అయిన మార్కస్ అరేలియస్ భార్య. చీటీ మీద తల్లి అని ఉంది, ఎందుకంటే నాణెం మీద 'దివా' అని ఉంది, అంటే చనిపోయి దైవంలో కలిసినది. కానీ అక్షరాలు చివరిదాకా చదివితే 'దివా ఫౌస్టినా పియా'. ఆ 'పియా' ఉంటే కూతురు. కొప్పు కూడా అదే చెప్తుంది: తల్లి జడలల్లి నడినెత్తిన చుట్టుకుంటుంది, కూతురు మెడ వెనక ముడి వేసుకుంటుంది. 175లో కూతురు చనిపోయాక కొట్టిన నాణెం ఇది, తల్లి నాణేలంత విరివిగా దొరకదు. పొరపాటు టీచర్‌గారికి లాభంగానే తేలింది.

అక్విలియా సెవెరా. ఈ పద్నాలుగింటిలో ఎక్కువ ఖరీదు దీనిదే, 420 పౌండ్లు. ఎలగబాలస్ అనే కుర్ర చక్రవర్తి 220లో జూలియా పౌలాకు విడాకులిచ్చి, పెళ్లి చేసుకోకూడదని వ్రతం పట్టిన వెస్టా దేవత పూజారిణి అయిన ఈవిడను చేసుకుని ఊరంతా గగ్గోలు పుట్టించాడు. కథ అలాంటిది కాబట్టి గిరాకీ ఎక్కువ, నాణేలు తక్కువ. ఈ నాణెం మీద పేరు సగం అరిగిపోయింది. బొరుసు మీద 'కాంకోర్డియా' దేవత. ఇద్దరి నాణేల మీదా ఆ దేవత ఉంటుంది. అక్విలియా దగ్గర మామూలుగా నిలబడి బలిపీఠం మీద అర్పిస్తుంది. పౌలా దగ్గర పాత్ర పట్టుకుని కూర్చుని ఉంటుంది. ఇక్కడ కూర్చుని ఉంది. బొమ్మ వైపు మిగిలిన అక్షరాలు మళ్లీ చూస్తే 'లా' అన్న చివర ఆనవాలు కనబడుతోంది. పౌలాయే. అమ్మినతను గడువు దాటిందన్నాడు. "గురుదక్షిణ అనుకుంటాను" అన్నారు టీచర్‌గారు.

టిబెరియస్. ఇది బుర్ర తినేసిన నాణెం. అసలుదా దొంగదా అన్న అనుమానం దీనికి లేదు. బొరుసు మీద ఒక స్త్రీ రాజదండం పట్టుకుని కూర్చుని ఉంటుంది. ఆవిడ టిబెరియస్ తల్లి లివియా అని నాణేలు సేకరించేవాళ్లు అనుకోవడం రివాజు, పేరు మాత్రం ఎక్కడా లేదు. చుట్టూ ఉన్నది చక్రవర్తి బిరుదు. టీచర్‌గారి జాబితాలో ఇది "లివియా". అమ్మినతను ఇంకో మాట కూడా రాశాడు: "ఆంధ్రలో పొలంలో దొరికింది". కొనేది తెలుగు మనిషని పేరు చూస్తేనే తెలుస్తుంది.

ఆ కథ అసాధ్యమేం కాదు. మన దగ్గర దొరికే రోమన్ వెండి ఎక్కువగా తొలి చక్రవర్తులు అగస్టస్, టిబెరియస్‌లదే. నల్గొండ జిల్లా అక్కెనపల్లి కుండలో ఈ రకాలు 1500కు పైగా దొరికాయి. 64లో నీరో బరువూ వెండీ తగ్గించాక ఇటు వెండి రాక బాగా పడిపోయింది. డోమ్నా నాణెం గురించి ఎవరైనా ఈ కథ చెప్తే నవ్వి ఊరుకునేవాణ్ణి. టిబెరియస్ కాబట్టి నమ్మడానికి వీలుంది, ఇబ్బందీ అదే. మన పొలంలో పది రూపాయల విలువకు మించిన నిధి దొరికితే కలెక్టరుకు చెప్పాలని 1878 నుంచే చట్టం. వందేళ్లు దాటిన నాణేన్ని ప్రైవేటు మనుషులు దేశం దాటించకూడదని 1972 చట్టం. కథ అబద్ధమైతే మోసపోయాం, నిజమైతే అక్రమంగా వచ్చిన సరుకు మన పెట్టెలో ఉంది. నేను రెండు ప్రశ్నలు రాయించాను: ఎప్పుడు ఇండియా దాటింది, కాగితం ఏముంది? "ఇంతకుముందు ఓనరు అలా చెప్పాడు" అని జవాబు. నాణెం వెనక్కి పోయింది. అతను మారుమాట లేకుండా డబ్బిచ్చేశాడు. టీచర్‌గారికి బాధగానే ఉండింది. మన మట్టి వాసన అని కొనుక్కున్నారు మరి.

పని చేసింది ఏమిటి

పన్నెండు మిగిలాయి. ఇక్కడితో నా పని అయిపోయినట్టే, కానీ ఆవిడ "ఇప్పుడు ఎనిమిది కొనాలి" అన్నారు. మళ్లీ అదే దారిలో పడతారని భయమేసింది. ఆ ఎనిమిదిలో ప్లోటినా, మటిడియా, డిడియా క్లారా ఉన్నారు. ఈ పేర్లకు మంచి నాణెం కావాలంటే వేలల్లో పెట్టాలి. తక్కువకు కావాలంటే ముఖం అరిగినదో, అనుమానం ఉన్నదో. టిక్కు కోసం కొనేవాళ్లకు ఈ రెండే దొరుకుతాయి.

నాణేలు బల్లమీద పరిచి, "ఒక్కొక్కరి గురించి మీకు తెలిసింది చెప్పండి" అన్నాను. ఓర్బియానా దగ్గర పేరు తప్ప ఇంకేం రాలేదు. క్రిస్పినాకు రెండు వాక్యాలు. డోమ్నా దగ్గరకొచ్చేసరికి టీ చల్లారిపోయింది, ఆవిడ ఇంకా చెప్తూనే ఉన్నారు. "అయితే ఈవిడ ఒక్కర్తినే ఎందుకు సేకరించకూడదు?" అన్నాను.

భర్తగారు ఒప్పుకోలేదు. "ఒకే ముఖం ఎన్నిసార్లు కొంటాం?" న్యాయమైన ప్రశ్నే. నా లెక్క ఇది. బల్గేరియాలో 1929లో రెకా దెవ్నియా దగ్గర ఒక నిధి బయటపడింది. అందులో వివరంగా లెక్కకట్టినవే 80 వేలకు పైగా డినారియస్‌లు. డోమ్నావి వేలల్లో ఉన్నాయి, అక్విలియావి లెక్కకు బాగా తక్కువ. విరివిగా దొరికే నాణేలకు పోల్చుకునే ఫొటోలూ విరివిగా ఉంటాయి. దొంగది ఇట్టే పట్టుబడుతుంది. వంద పౌండ్ల చుట్టుపక్కల మంచి ముఖం దొరుకుతుంది. పైగా ఒకే మనిషిని పది నాణేల్లో చూస్తే కన్ను తయారవుతుంది. ఇరవై మందిని ఒక్కోసారి చూస్తే అది రాదు.

ముఖం ఒకటే కావచ్చు, బిరుదు మారుతుంది. 193 నుంచి 196 దాకా 'యూలియా డోమ్నా ఆగ్' ('ఆగ్' అంటే ఆగుస్టా, చక్రవర్తి భార్య బిరుదు). తర్వాత 211 దాకా 'యూలియా ఆగుస్టా'. భర్త పోయాక 'యూలియా పియా ఫెలిక్స్ ఆగ్'. జుట్టు అలలు అలలుగా చెవుల మీదికి దిగి వెనక పెద్ద ముడిగా చేరుతుంది. అది సవరమని అనేవాళ్లూ ఉన్నారు. మొదటి రకం బొరుసు మీద వీనస్ స్తంభానికి ఆనుకుని మనకు వీపు చూపిస్తూ నిలబడుతుంది. చివరి రకాల్లో ఒకదాని మీద 'మాట్ ఆగ్గ్ మాట్ సెన్ ఎమ్ పాట్ర్' అని ఉంటుంది: ఆగస్టస్‌ల (చక్రవర్తుల) తల్లి, సెనేట్ తల్లి, దేశానికి తల్లి. 'ఆగ్గ్'లో రెండు 'గ్'లు ఎందుకంటే ఆగస్టస్‌లు ఇద్దరు కాబట్టి. కొడుకులు కారకల్లా, గెటా. 211 డిసెంబరులో పెద్దవాడు చిన్నవాణ్ణి చంపించాడు, తల్లి చేతుల్లోనే అని అప్పటి చరిత్రకారుడు కాసియస్ డియో రాశాడు.

టీచర్‌గారు ఆ నాణెం కోసం ఏడు నెలలు ఆగారు. శుభ్రంగా ఉన్నవి రెండు వదిలేశారు, రెండో 'గ్' అంచు బయటకు పోయిందని. చివరికి కొన్నది కాస్త పక్కకు కొట్టినది, డోమ్నా ముడి సగమే పడింది, 'గ్'లు రెండూ ఉన్నాయి. నేనైతే మొదటిదే కొనమనేవాణ్ణి. ఆవిడ ఎంపికే సరైనదని ఇప్పుడు అనిపిస్తోంది.

నేర్చుకున్నవి

వచ్చినవాళ్లను ఇప్పుడు ముందు అడిగేది: ఎవరైనా తోమారా, ఎక్కడ దాచారు? రెండోది కూడా తక్కువదేం కాదు. మెత్తటి పీవీసీ కవర్లలో పెడితే కొన్నాళ్లకు పచ్చటి జిగురు పట్టి లోహాన్ని తినేస్తుంది. తోమిన వాటిని మళ్లీ నల్లగా చేయించుకుంటామని కొందరు మందులు పూయిస్తారు, వద్దన్నాను. ఊరికే వదిలేస్తే కొన్నేళ్లకు వాటంతటవే నల్లబడతాయి. పాత వెండి లోపల పెళుసుబారి ఉంటుందని, గచ్చు మీద పడితే బిస్కెట్‌లా విరగొచ్చని కూడా ఇప్పుడు ముందే చెప్తున్నాను. తీసేటప్పుడు కింద తువ్వాలు పరుచుకోమంటున్నాను.

వేలం సంస్థ ఆ ఒక్క వాక్యం బదులు "పోత నాణెం అనిపిస్తోంది" అని రాసి ఉంటే ఈ కుటుంబానికి రెండు నెలల ఆందోళన తప్పేది. ఎవరినీ నిందించకూడదన్న జాగ్రత్త అర్థమవుతుంది. నేను మాత్రం కాదన్న ప్రతిదానికీ కారణం రాసిస్తున్నాను, నాది తప్పయితే ఎక్కడ తప్పో అవతలివాళ్లు చూపించగలిగేలా.

డోమ్నా నాణేలు ఇప్పుడు ఆరు అయ్యాయి. వాటిలో ఒకదాని బొరుసు మీద 'మాటెర్ దేవుమ్' అని ఉంటుంది, దేవతల తల్లి. సిబెలె అమ్మవారు సింహాసనం మీద కూర్చుని ఉంటుంది, చెరో పక్క ఒక సింహం. ఈ ఏడు వ్రతానికి అత్తగారు మళ్లీ వచ్చారు. టీచర్‌గారు పెట్టె తెరిచి చూపిస్తే ఆవిడ కళ్లజోడు పెట్టుకుని చాలాసేపు చూసి, "సింహాలున్నాయి కదమ్మా, అమ్మవారే" అన్నారట. దీన్ని పూజలో పెట్టొచ్చా అని నాకు ఫోన్ వచ్చింది. గట్టి ప్లాస్టిక్ డబ్బీలో బిగించి పెట్టమన్నాను, పాలూ కుంకుమా డబ్బీకే అని. సైజు అడిగారు. లోపల 20 మిల్లీమీటర్లు ఉంటే సరిపోతుందని చెప్పాను.